పర్యావరణ పాఠం నుంచి మినహాయింపు ఎవరి కోసం?

సహిత విద్య మీద ఉపాధ్యాయులకు శిక్షణ జరిగే చోటల్లా ఏటా ఎవరో ఒకరు లేచి ఒక ప్రశ్న అడుగుతారు: ‘పేరు రాయించడానికే ఏడాది పడుతున్న పిల్లలకు పర్యావరణ పాఠాలు అవసరమా?’ అడిగేవారు మనసు లేనివారు కారు. ఒక్కరే రెండు మూడు తరగతులు చూసుకుంటూ, అందులోనే ఉన్న ఆటిజం బిడ్డకూ, చూపు లేని బిడ్డకూ న్యాయం చేయాలని తాపత్రయపడే టీచర్లే ఎక్కువగా ఈ మాట అంటారు. తల్లిదండ్రులూ అంటారు. ‘ముందు వాడి పని వాడు చేసుకోగలిగితే చాలు సార్’ అనే తల్లి మాటను కొట్టిపారేయలేం. కాబట్టి ఈ ప్రశ్నకు నిదానంగా జవాబు చెప్పాలి. నా జవాబు ఇది: బడిలో చెప్పే సబ్జెక్టులన్నిటిలో ఈ పిల్లలకు అతి దగ్గరగా రాగలిగింది పరిసరాల విజ్ఞానమే. తాకి, వాసన చూసి, తవ్వి, నీళ్లు పోసి నేర్చుకోగల చదువది. దాన్ని మనం చదివి రాసే పరీక్షగా మార్చేశాం. రాయలేని బిడ్డను దాని నుంచి తప్పించి, ఆ తప్పించడాన్ని దయ అనుకుంటున్నాం.

పర్యావరణాన్ని తప్పనిసరిగా బోధించాలన్న ఆదేశం సుప్రీంకోర్టుది. ఎం.సి.మెహతా వేసిన వ్యాజ్యంలో 1991 నవంబరు 22న ఇచ్చిన తీర్పు, విద్యాసంస్థల్లో పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలంది. పుష్కర కాలం గడిచినా అమలు అంతంతమాత్రంగానే ఉండటంతో 2003 డిసెంబరు 18న కోర్టు మళ్లీ కల్పించుకుని, ఎన్‌సీఈఆర్‌టీ చేత నమూనా పాఠ్యప్రణాళిక తయారు చేయించింది. మరో పక్క దివ్యాంగుల చదువు హక్కు 1995 చట్టంతో రూపుదిద్దుకుంది. 2007లో ఐక్యరాజ్య సమితి ఒడంబడికను మన దేశం ఆమోదించడంతో బలపడింది. 2016 చట్టంతో 21 రకాల వైకల్యాలకు విస్తరించింది. తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకునే హక్కును 2012లో విద్యాహక్కు చట్టానికి చేర్చారు. ఈ రెండు దారులూ పక్కపక్కనే సాగాయి గానీ కలవలేదు. పాఠ్యప్రణాళికను, పరీక్షలను పిల్లల అవసరానికి తగ్గట్టు మార్చాలని 2016 చట్టంలోని 17వ సెక్షను స్పష్టంగా చెబుతోంది. ఆచరణలో ఆ మార్పు పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్, రెండో మూడో భాష మినహాయింపు దాకా వచ్చి ఆగిపోయింది.

భాషల్లో ఇచ్చే మినహాయింపు కనీసం కాగితం మీద ఉంటుంది. పరిసరాల విజ్ఞానంలో మినహాయింపు కాగితం ఎక్కదు. క్షేత్ర పర్యటనకు ముందురోజే ‘బాబుకు ఇబ్బంది అవుతుంది, రేపు ఇంట్లోనే ఉంచండి’ అని కబురు వెళుతుంది. ఎకో క్లబ్బు జాబితాలో పేరుండదు. ప్రాజెక్టు పనిని అక్కో అమ్మో చేసి పంపిస్తే మార్కులు పడిపోతాయి. ‘మన చుట్టూ ఉన్న చెట్లు’ పాఠం జరుగుతుంటే చూపు లేని పాప పక్కమ్మాయి చదివే వాక్యాలు వింటూ కూర్చుంటుంది. కిటికీ అవతలే ఉన్న కానుగ బెరడు మీద ఆమె చెయ్యి ఎవరూ పెట్టించరు. నిజానికి 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తరువాత పరిసరాల పుస్తకాలను అడగడం, గమనించడం, చేసి చూడటం చుట్టూనే అల్లారు. 2014లో ఎన్‌సీఈఆర్‌టీ ప్రాథమిక టీచర్ల కోసం తెచ్చిన కరదీపికలో ప్రత్యేక అవసరాల పిల్లలకు భాష, గణితంతో పాటు పరిసరాల అధ్యయనాన్నీ ఎలా చెప్పాలో వివరించారు. దారి చూపించినవారు ఉన్నారు. ఆ దారి తరగతి గది దాకా పడలేదు.

ఎంతమంది పిల్లల సంగతి ఇది? 2011 జనగణన ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవారు 2.68 కోట్లు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22.66 లక్షలు. దేశం మొత్తం మీద వారిలో 5–19 ఏళ్ల వయసువారిని చూస్తే, చదువుకుంటున్నవారు 61 శాతమే. సుమారు 27 శాతం ఎన్నడూ బడి గడప తొక్కలేదు. ఆ జనగణన విడదీసి లెక్కపెట్టింది ఎనిమిది రకాలనే. ఆటిజానికి గానీ, చదవడం రాయడంలో వచ్చే అభ్యసన లోపానికి గానీ అందులో విడి గడి లేదు. అంటే తరగతిలో కూర్చుని ఉండీ లెక్కలోకి రాని పిల్లలు ఇంకా ఉన్నారు.

మూడు వాదాలు

ప్రత్యేక విద్యలో బలమైన ఒక వాదం ఉంది. పిల్లవాడి సమయం పరిమితం, కాబట్టి బతకడానికి పనికొచ్చే నైపుణ్యాలకే దాన్ని వెచ్చించాలంటారు. బట్టలు తొడుక్కోవడం, డబ్బు గుర్తుపట్టడం, రోడ్డు దాటడం, ఒక చేతిపని. మేధో వైకల్యం ఉన్న పిల్లల విషయంలో ఈ వాదానికి తూకం ఎక్కువ. కానీ బతుకు నైపుణ్యాల జాబితాను ఒకసారి విప్పి చూద్దాం. తాగే నీళ్లేవో, తాగకూడనివి ఏవో తెలియడం. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం. ఎండలో ఎప్పుడు బయటకు వెళ్లకూడదో, వాన ముసిరితే ఏం చేయాలో తెలియడం. పురుగుమందు డబ్బాను గుర్తుపట్టి చెయ్యి వెనక్కి తీసుకోవడం. వీటిని బతుకు నైపుణ్యాలనవచ్చు, పర్యావరణ విద్య అనవచ్చు. పిల్లవాడికి తేడా లేదు. చేతిపని సంగతి కూడా అంతే. నర్సరీ పని, ఎరువు తయారీ, కాగితం సంచులు, విస్తళ్లు కుట్టడం వంటివి ప్రత్యేక పాఠశాలల్లో వృత్తి శిక్షణగా నేర్పుతూనే ఉన్నారు. కొరవడిందల్లా ఆ పని ఎందుకు చేస్తున్నామో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడం. ‘ఈ సంచి చెయ్యి’ అనడం ఒక ఎత్తు. ప్లాస్టిక్ సంచి తిన్న ఆవు కథ చెప్పి, కాలువలో చిక్కుకున్న సంచులు చూపించి, ఆ తరువాత సంచి చేయించడం మరో ఎత్తు. రెండో పద్ధతిలో పిల్లవాడు కూలీగా కాక, ఊరి బాగులో వాటా ఉన్న మనిషిగా ఆ పనిలోకి దిగుతాడు.

రెండో వాదం దీనికి ఎదురుగా నిలబడుతుంది. పాఠాన్ని ఏ మాత్రం తగ్గించినా అది వివక్షే, అందరికీ ఒకే పాఠ్యప్రణాళిక ఉండాలంటుంది. చూపు, వినికిడి, కదలికలో మాత్రమే ఇబ్బంది ఉన్న పిల్లల విషయంలో ఇది నూటికి నూరుపాళ్లు నిజం. వాళ్లకు విషయం తగ్గించాల్సిన పని లేదు, అందించే తీరు మారితే చాలు. మేధో వైకల్యం దగ్గరకు వచ్చేసరికి ఈ వాదం మొండితనం అవుతుంది. కంటికి కనిపించని ఓజోన్ పొరను, వందేళ్ల సగటు ఉష్ణోగ్రతను ఆ పిల్లల చేత వల్లె వేయించడంలో సమానత్వం లేదు. వాటిని నిస్సంకోచంగా వదిలేయవచ్చని నా అభిప్రాయం. అదే బిడ్డకు ‘నీళ్లు పోయకపోతే మొక్క వాడిపోయింది’ అన్న కార్యకారణం రోజూ కళ్లముందు జరుగుతుంది. నీళ్లు పోయడాన్ని అయిదారు చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకూ ఒక బొమ్మ కార్డు పెట్టి, నెలల తరబడి అదే సమయానికి చేయించడం ప్రత్యేక ఉపాధ్యాయులకు కొట్టిన పిండి. విషయం ఇక్కడ పలచబడటం లేదు, దగ్గరికి వస్తోంది.

మూడో వాదం ఈ మధ్య పట్టణాల్లో ఎక్కువగా వినిపిస్తోంది. ప్రకృతే వైద్యమనీ, పచ్చదనంలోకి తీసుకెళితే ఆటిజం, ఏకాగ్రత లోపం వాటంతటవే తగ్గుతాయనీ అంటున్నారు. తల్లిదండ్రుల ఆశతో ముడిపడిన మాట కనుక ఇక్కడ జాగ్రత్త కావాలి. అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఏకాగ్రత లోపం ఉన్న పిల్లలు పార్కులో 20 నిమిషాలు నడిచాక, ఊరి వీధుల్లో నడిచినప్పటి కంటే మెరుగ్గా దృష్టి నిలపగలిగారు. అయితే అందులో పాల్గొన్నది 17 మంది పిల్లలే. అది ఆశ కలిగించే సూచనే గానీ చికిత్స కాదు. పైగా ఆటిజం ఉన్న బిడ్డకు ఆరుబయలు ఎప్పుడూ హాయిగా ఉంటుందనుకోవడం పొరపాటు. గాలి హోరు, కాకుల గోల, కాళ్లకు తగిలే తడి గడ్డి భరించలేని బాధ కావచ్చు. వెళ్లబోయే చోటు ఫొటోలు ముందే చూపించి, ‘ముందు బస్సు, తరువాత చెరువు, తరువాత అన్నం’ అని బొమ్మల వరస చేతికిచ్చి, కాసేపు పక్కకు వెళ్లి కూర్చునే చోటు ఏర్పాటు చేశాకే ఆ పర్యటన ఆ బిడ్డకు పాఠమవుతుంది. లేకపోతే శిక్షే.

చెమట పట్టని ఒళ్లు, వినపడని హెచ్చరిక

ఈ చర్చలో నన్ను ఎక్కువ కలవరపెట్టే సంగతి పాఠ్యపుస్తకంలో లేదు, వాతావరణంలో ఉంది. 2015 వేసవిలో వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి 1,900 మందికి పైగా చనిపోయారని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. వెన్నుపాము దెబ్బతిన్న బిడ్డకు నడుము కింద చెమట సరిగా పట్టకపోవచ్చు. మూర్ఛకు వాడే కొన్ని మందులు చెమటను తగ్గిస్తాయి. మాట రాని పిల్లవాడు దాహం వేస్తోందని చెప్పలేడు. ఎండ గురించి ఈ పిల్లలకు, వారిని చూసుకునేవారికి అందరికంటే ముందు, అందరికంటే వివరంగా తెలియాలి. 2014 అక్టోబరు 12న విశాఖను హుద్‌హుద్ తుపాను కుదిపేసినప్పుడూ, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడూ మైకులో చేసే ప్రకటన వినికిడి లేనివారికి చేరదు. నడుము లోతు నీళ్లలో చక్రాల కుర్చీ కదలదు. చేయి పట్టుకు లాగే కొత్త మనిషిని చూసి ఆటిజం బిడ్డ బెదిరి వెనక్కి పారిపోవచ్చు.

2011 మార్చిలో జపాన్‌ను భూకంపం, సునామీ అతలాకుతలం చేశాక లెక్కలు తీస్తే, ప్రభావిత ప్రాంతాల్లో దివ్యాంగుల మరణాల రేటు సాధారణ ప్రజల కంటే సుమారు రెండింతలని తేలింది. ఆ దేశం ఊరుకోలేదు. విపత్తుల్లో సాయం కావాల్సినవారి జాబితా ప్రతి స్థానిక సంస్థ దగ్గరా ఉండాలని 2013లో చట్టం సవరించింది. ఒక్కొక్కరికీ విడిగా తరలింపు ప్రణాళిక సిద్ధం చేయడాన్ని 2021లో స్థానిక సంస్థల బాధ్యతల్లో చేర్చింది. మన చట్టం తక్కువేమీ కాదు. విపత్తుల్లో దివ్యాంగులకు సమాన రక్షణ కల్పించాలని 2016 చట్టంలోని 8వ సెక్షను చెబుతోంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2019లో ప్రత్యేక మార్గదర్శకాలూ ఇచ్చింది. వాటిని పాఠంగా మార్చే చోటు బడి. బడిలో అగ్నిప్రమాద విన్యాసం చేయించినప్పుడు, నడవలేని బిడ్డను ‘నువ్వు ఇక్కడే కూర్చో’ అని బెంచీ మీద వదిలి మిగతా నలభై మంది చేత పరుగు తీయిస్తే, ఆ బిడ్డ నేర్చుకునేదేమిటి? ప్రమాదం వస్తే తనను వదిలేసి వెళతారని నేర్చుకుంటాడు. మిగతా నలభై మంది కూడా అదే నేర్చుకుంటారు.

పర్యావరణానికీ వైకల్యానికీ ఉన్న బంధం తెలుగు నేలలో ఇంకా లోతైనది. 1937లోనే అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు ప్రాంతంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు గుర్తించి ప్రచురించారు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే హానికరమయ్యే ఫ్లోరైడ్, నల్గొండ పల్లెల్లో తరాల తరబడి ఎముకలను వంచింది. పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో లాన్సెట్ పత్రికలో వివరించారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని నీరీ సంస్థ పెట్టిన పేరే ‘నల్గొండ టెక్నిక్’. సీసం కథ కూడా ఇలాంటిదే. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో, అంటే దాదాపు 80 కోట్ల మందిలో, సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములకు చేరిందని లేదా దాటిందని 2020లో యూనిసెఫ్ నివేదిక అంచనా వేసింది. పాత బ్యాటరీలు కరిగించే చోట ఆడుకునే పిల్లల మేధస్సును ఆ సీసం తినేస్తుంది.

ఇలాంటి విషయాలు పాఠంలో ఉండాలి. ఎలా ఉండాలన్నదే చిక్కు. కాలుష్యం గురించి చెప్పేటప్పుడు వంకర తిరిగిన కాళ్ల ఫొటో చూపించి ‘చూశారా, నీళ్లు పాడైతే ఇలా అయిపోతాం’ అనడం మన పోస్టర్లకు, ఉపన్యాసాలకు అలవాటు. ఆ గదిలోనే అలాంటి కాళ్లతో ఒక పాప కూర్చుని ఉండొచ్చు. ఆ క్షణంలో ఆమె విద్యార్థి కాకుండా పోతుంది, హెచ్చరిక బోర్డు అవుతుంది. అదే పాఠాన్ని మరోలా చెప్పవచ్చు. మన ఊరి బోరు నీళ్లను పరీక్షిద్దాం, ఫలితం ఎవరికి చెప్పాలో తెలుసుకుందాం, శుద్ధి చేసిన నీళ్లు ఏ కుళాయిలో వస్తున్నాయో పటం గీద్దాం అంటే ఆ పాప మిగతావారితో సమానంగా, వారికంటే ఎక్కువ అధికారంతో మాట్లాడగలదు. ఆ నీళ్ల సంగతి ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? పర్యావరణ పాఠం రాసేవారు వైకల్యాన్ని భయపెట్టడానికి వాడకూడదన్న ఒక్క నియమాన్ని పాఠ్యపుస్తక కమిటీలు పెట్టుకుంటే చాలా మేలు.

దివ్యాంగులను అడగకుండా చేసే పర్యావరణ విధానం కూడా ఎలా దారి తప్పుతుందో చెప్పడానికి ప్లాస్టిక్ స్ట్రా చాలు. చేతులు వణికేవారికి, కప్పు ఎత్తలేనివారికి వంగే స్ట్రా విలాసం కాదు, తాగడానికి ఉన్న సాధనం. ఇంగ్లండ్ 2020 అక్టోబరులో స్ట్రాలను నిషేధిస్తూ దివ్యాంగుల అవసరానికి వెసులుబాటు ఉంచింది. మన దేశంలో 2022 జులై 1న మొదలైన ఒక్కసారి వాడే ప్లాస్టిక్ నిషేధంలో స్ట్రా కూడా ఉంది. ఆ సందర్భంగా జరిగిన చర్చల్లో ఈ కోణం దాదాపుగా వినిపించలేదు. అయిదో తరగతి పిల్లల చేత ఇలాంటి విషయం మీద వాదోపవాదాలు చేయిస్తే పర్యావరణం, పౌరనీతి రెండూ ఒకేసారి వంటబడతాయి.

ఇటలీ బలం, ఇటలీ లోటు

సహిత విద్యనూ, పర్యావరణ విద్యనూ ఒకే గొడుగు కిందకు తెచ్చిన దేశంగా ఇటలీని చూడాలి. 1977లో 517వ నంబరు చట్టంతో ఆ దేశం ప్రత్యేక తరగతులను రద్దు చేసి, వైకల్యం ఉన్న పిల్లలను సాధారణ తరగతుల్లోకి తెచ్చింది. వారి కోసం తరగతిలోనే ‘సహాయ ఉపాధ్యాయుడు’ ఉంటాడు. ఆయన ఆ బిడ్డ ఒక్కడి టీచరు కాదు, ఆ తరగతి మొత్తానికీ సహ ఉపాధ్యాయుడు. తరువాత 2019లో చేసిన 92వ నంబరు చట్టంతో పౌరవిద్యను ఏడాదికి కనీసం 33 గంటలు తప్పనిసరి చేసి, సుస్థిరాభివృద్ధి, పర్యావరణాన్ని అందులో ఒక స్తంభంగా నిలిపింది. 2020 సెప్టెంబరు నుంచి అది అమల్లోకి వచ్చింది. ప్రత్యేక తరగతి అనే గదే లేనప్పుడు, ఆ 33 గంటలు ఎవరిని వదిలేసి చెప్పాలన్న ప్రశ్నే పుట్టదు. అదే ఇటలీ బలం. లోటు కూడా చెప్పాలి. సహాయ ఉపాధ్యాయుల్లో చాలామందికి ప్రత్యేక శిక్షణ లేదనీ, ఏటా మారిపోతుంటారనీ అక్కడి తల్లిదండ్రులు దశాబ్దాలుగా మొత్తుకుంటున్నారు. చట్టం తలుపు తెరుస్తుంది. లోపల పాఠం చెప్పే మనిషి స్థిరంగా ఉండాలి.

స్కాట్లాండ్ మరో మార్గంలో వెళ్లింది. సుస్థిరత విద్యను పిల్లలందరి హక్కుగా ప్రకటించి, దాన్ని ఉపాధ్యాయుల వృత్తి ప్రమాణాల్లో చేర్చింది. పిల్లవాడికి అదనపు సాయం కావాలా అన్నది వేరే ప్రశ్న. హక్కు మాత్రం ఒకటే. ఫిన్లాండ్‌లో ఒకటి నుంచి ఆరో తరగతి దాకా జీవశాస్త్రం, భూగోళం, భౌతిక రసాయన శాస్త్రాలు, ఆరోగ్యం కలిపి ఒకే పర్యావరణ సబ్జెక్టుగా 2016 నుంచి చెబుతున్నారు. విడివిడి పాఠ్యపుస్తకాల మధ్య నలిగే పిల్లలకు ఈ కలయిక తేలిక. అయితే ఈ దేశాల తరగతుల్లో ఉండే పిల్లల సంఖ్యను, వారికిచ్చే సహాయకులను మనం తెచ్చుకోలేం. కాబట్టి వాటి ఏర్పాట్లను కాక, ఆలోచనను మాత్రమే తీసుకోవాలి.

తీసుకోదగిన ఆలోచనల్లో నాకు ఎక్కువ నచ్చింది అర్ధ శతాబ్దం నాటిది. 1970వ దశకంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలోని లారెన్స్ హాల్ ఆఫ్ సైన్స్, చూపు లేని పిల్లల కోసం విజ్ఞాన ప్రయోగాల సామగ్రిని తయారు చేసింది. చేతితో తడిమి చదవగల కొలబద్దలు, త్రాసులు, గింజలు, ఉప్పునీళ్లు. తరగతుల్లో వాడి చూస్తే చూపు ఉన్న పిల్లలూ వాటితోనే బాగా నేర్చుకుంటున్నారని తేలింది. ఆ పునాది మీదే తరువాత అమెరికా ప్రాథమిక బడుల్లో విస్తృతంగా వాడే ‘ఫాస్’ విజ్ఞాన పాఠ్యక్రమం పుట్టింది. అంచున ఉన్న బిడ్డ కోసం చేసిన పాఠం నడుమ ఉన్న బిడ్డకూ మేలైంది. మన రాష్ట్రాల పుస్తక రచయితలు ముందు అందరికీ రాసి, తరువాత ‘అనుకూలీకరణ’ పేరుతో చివర ఒక పేజీ అతికించే పద్ధతికి ఇది సూటి సమాధానం.

వినికిడి లేని పిల్లల విషయంలో సమస్య పుస్తకం కంటే ముందే మొదలవుతుంది: పాఠంలోని మాటకు సంజ్ఞే ఉండదు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలోని స్కాటిష్ సెన్సరీ సెంటర్, బధిర శాస్త్రవేత్తలను కూర్చోబెట్టి బ్రిటిష్ సంజ్ఞా భాషలో విజ్ఞాన పదకోశం తయారు చేస్తోంది. 2023లో కర్బన ఉద్గారాలు, హరితగృహ వాయువుల వంటి పర్యావరణ పదాలకు దాదాపు 200 కొత్త సంజ్ఞలు చేర్చింది. మన దగ్గర 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి 10,000 పదాల నిఘంటువు తెచ్చింది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలను సంజ్ఞా భాషలోకి మార్చే ఒప్పందం 2020లో కుదిరింది. అయితే మన పిల్లలు చదివేది రాష్ట్ర పుస్తకాలు. వాటిలో ఉండేది గోదావరి, మడ అడవి, నల్లరేగడి. వీటికి వీడియోలు చేయాల్సింది ఇక్కడి బధిర పాఠశాలల ఉపాధ్యాయులు, బధిర యువకులే. ఢిల్లీ చేసిపెట్టదు.

భవిత కేంద్రం నుంచి బడితోట దాకా

విధానం దగ్గరకు వస్తే మొదటి మాట మనుషుల గురించే. రజనీశ్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును అనుసరించి, ప్రాథమిక స్థాయిలో ప్రతి 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలన్న నిష్పత్తిని కేంద్రం నోటిఫై చేసింది. పోస్టులు ప్రకటించమని 2025 మార్చిలో కోర్టు రాష్ట్రాలకు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో ఇప్పటిదాకా ఈ బరువు మోస్తున్నది సమగ్ర శిక్ష కింద కాంట్రాక్టు పద్ధతిలో పనిచేసే సహిత విద్య రిసోర్స్ పర్సన్లు (ఐఈఆర్పీలు). మండల కేంద్రంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం, ఫిజియోథెరపీ రోజు, సదరం వైకల్య సర్టిఫికెట్ల శిబిరం, మంచం దిగలేని పిల్లల ఇళ్లకు వారంవారం ప్రయాణం అన్నీ వాళ్లవే. ఈ జాబితాకు ‘పర్యావరణ విద్య’ అని మరో పని తగిలిస్తే అది మరో రిజిస్టరుగా మిగిలిపోతుంది. తరగతి టీచరు పరిసరాల పాఠాన్ని, ఐఈఆర్పీ ఆ పాఠం పిల్లవాడికి చేరే మార్గాన్ని కలిసి ముందు నెలలోనే రాసుకునే సమయం ఇవ్వాలి. నెలకు రెండు గంటలు చాలు. ఆ రెండు గంటలు డ్యూటీగా లెక్కకు రావాలి.

రెండోది మూల్యాంకనం. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టుకు, పాల్గొనడానికి మార్కులున్నాయి కాబట్టి కొత్త జీవో కూడా అక్కర్లేదు. ‘అయిదు ఔషధ మొక్కల పేర్లు రాయుము’ అన్న ప్రశ్నకు చూపు లేని పాప తులసి, కరివేపాకు, వేప ఆకులను నలిపి వాసన చూసి పేరు చెబితే పూర్తి మార్కులు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లవాడు చెత్త బొమ్మల కార్డులను కంటి చూపుతోనే సరైన డబ్బా వైపు సూచిస్తే పూర్తి మార్కులు. ఇది ఉదారంగా మార్కులు వేయడానికి దారి తీస్తుందని భయపడేవారున్నారు. ఆ భయంలో నిజం ఉంది. ఇప్పుడు అమ్మ చేసిన ప్రాజెక్టుకు వేస్తున్న మార్కుల కంటే మాత్రం ఇది నిజాయతీగా ఉంటుంది. పిల్లవాడు చేసిన పనికి ఒక నిమిషం వీడియో ఉంటే చాలు, సాక్ష్యం దొరుకుతుంది.

వస్తువుల ఖర్చు ఊహించినంత ఉండదు. బడితోటలో రెండు మడులను నేల మీద కాకుండా ఇటుకలతో చక్రాల కుర్చీకి అందే ఎత్తులో కట్టాలి, వాటి దాకా గట్టి బాట వేయాలి. ఆకుపచ్చ, నీలం డబ్బాలను రంగుతోనే గుర్తుపట్టాలంటే చూపు లేనివారికీ, రంగులు కలిసిపోయేవారికీ కుదరదు. మూత మీద ఒకదానికి గరుకు పట్టీ, మరోదానికి నున్నటి పట్టీ అంటిస్తే సరి. వాన కొలిచే సీసాకు దారంతో ముళ్లు వేసిన కొలత కడితే అది అందరికీ పనికొస్తుంది. సమగ్ర శిక్షలో ప్రత్యేక అవసరాల బిడ్డకు ఏడాదికి 3,500 రూపాయల దాకా కేటాయింపు ఉంది. అందులో ఎక్కువ భాగం ఉపకరణాలకు, రవాణాకు పోతుంది, పోవాలి కూడా. మడులకు, బాటకు డబ్బు పంచాయతీ నుంచి, ఉపాధి హామీ నుంచి రావడం న్యాయం. అవి ఒక్క బిడ్డవి కావు, బడివి. ఇంటి దగ్గరే చదువుకునే పిల్లల కోసం ఐఈఆర్పీ సంచిలో మూడు కుండీలు, గింజలు, వాసన డబ్బాలు ఉండాలి. మంచం మీద నుంచి కదలలేని బిడ్డకు కిటికీ గట్టు మీద మొలకెత్తే పెసలే పరిసరాల పాఠం.

భద్రత పేరు చెప్పి బయటకు తీసుకెళ్లకపోవడం అన్నిటికంటే మొండి అడ్డంకి. చెరువు గట్టు మీద మూర్ఛ వస్తే ఎవరిది బాధ్యత అని ప్రధానోపాధ్యాయులు అడుగుతారు. వారికి రక్షణ లేకుండా ఉపదేశం చేయడం అన్యాయం. పర్యటనకు ముందు స్థలాన్ని చూసి రావడం, తల్లిదండ్రుల్లో ఒకరిని వెంట తీసుకెళ్లడం, మందుల కాగితం దగ్గర ఉంచుకోవడం, ఒక ఏఎన్‌ఎం ఫోన్ నంబరు ఉంచుకోవడం వంటి నాలుగు షరతులు పాటించిన టీచరు మీద శాఖాపరమైన చర్య ఉండదని విద్యాశాఖ రాతపూర్వకంగా చెప్పాలి. దూరం వెళ్లలేకపోతే దగ్గరికే వెళ్లవచ్చు. ఊరి చింతచెట్టు, వాగు, ధాన్యం ఆరబోసిన కళ్లం ఏ జంతుప్రదర్శనశాలకూ తీసిపోవు.

దీనికి మొదటి అడుగు కొత్త పథకం కానక్కర్లేదు. క్షేత్ర పర్యటన, ఎకో క్లబ్బు కార్యక్రమాల గురించి బడులు పైకి పంపే నివేదికలో బాలురెందరు, బాలికలెందరు అన్న గడుల పక్కన మరో రెండు గడులు గీయాలి: బడిలో ఉన్న ప్రత్యేక అవసరాల పిల్లలెందరు, వారిలో బస్సు ఎక్కినవారెందరు. రెండు అంకెలూ వేరైన చోట కారణం ఒక్క వాక్యంలో రాయమనాలి. ఆ వాక్యాలను మండల విద్యాధికారి మూడు నెలలకోసారి చదివితే, ఎక్కడ ర్యాంపు కావాలో, ఎక్కడ సంజ్ఞలు తెలిసిన మనిషి కావాలో, ఎక్కడ ఏ కారణమూ లేకుండానే పిల్లలను ఇంట్లో ఉంచేస్తున్నారో బయటపడుతుంది.